యాత్రికుడు దుకాణం పెడితే

'యాత్రికుని ప్రయాణము' పూర్తిగా చదవని తెలుగు క్రైస్తవ కుటుంబాలు చాలా ఉండవచ్చు గాని, దాని పేరు వినని కుటుంబం అరుదు. మా ఇంటి గూట్లో బైబిలు, పాటల పుస్తకం, ఆ పక్కన ఇది ఉండేవి. వీపు మీద మూట, ఇరుకు ద్వారం, సిలువ దగ్గర మూట జారిపడటం, చివర దాటవలసిన నది. ప్రసంగాల్లో ఈ బొమ్మలు ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఆదివారం బడి పిల్లలచేత నాటకంగా వేయించడం కూడా ఎరుగుదును.

ఇంత పేరున్న పుస్తకం గురించి కొత్తగా చెప్పడానికి ఏముందని పాఠకులు అడగవచ్చు. నేను చదివింది బి.కాం., చేస్తున్నది బ్యాంకు ఉద్యోగం. సాహిత్య విమర్శ నా వృత్తి కాదు. అయితే ఈ పుస్తకాన్ని శిష్యత్వానికి పాఠ్యగ్రంథంగా మన సంఘాలు వాడుతున్న తీరు మీద నాకొక అభ్యంతరం ఉంది. దానికి జవాబు అదే రచయిత రాసిన మరో పుస్తకంలో దొరికింది. ఆ రెండో పుస్తకాన్ని మనవాళ్ళ ఇళ్ళలో నేనెక్కడా చూడలేదు.

ముందు అభ్యంతరం. కథానాయకుడు క్రిస్టియన్ తన ఊరు నాశనమవుతుందని తెలుసుకుని పరుగెత్తుతాడు. భార్యాపిల్లలు వెనక నుంచి పిలుస్తుంటే చెవుల్లో వేళ్ళు పెట్టుకుంటాడు. అతని వృత్తి ఏమిటో కథలో కనిపించదు. ఎవరికైనా బాకీ ఉన్నాడా, ఎవరైనా అతనికి బాకీనా, తెలియదు. దారిలో 'వ్యర్థ సంత' వస్తుంది. అక్కడ ఇళ్ళు, పదవులు, బిరుదులు, రాజ్యాలు, సుఖాలు అన్నీ అమ్మకానికి పెట్టి ఉంటాయి. యాత్రికులు ఏదీ కొనమంటారు. ఆ నేరానికి వాళ్ళను బోనులో పెడతారు, ఒకణ్ణి కాల్చి చంపుతారు. గొప్ప ఘట్టమే. చదివినప్పుడల్లా నాకు ఒంటి మీద వెంట్రుకలు నిక్కబొడుచుకుంటాయి. కాని ఆ సంతలోనే దుకాణం ఉన్నవాడి మాటేమిటి? రేపు పొద్దున్నే తలుపు తీసి, తరాజు కడిగి, అప్పుకోసం వచ్చినవాడికి అవుననో కాదనో చెప్పవలసినవాడి సంగతేమిటి? మనలో నూటికి తొంభైతొమ్మిది మంది సంతను దాటి వెళ్ళిపోయే యాత్రికులం కాము, సంతలో కాపురమున్నవాళ్ళం.

బన్యన్‌కు సంత తెలియక కాదు. ఆయన 1628లో బెడ్‌ఫర్డ్ పక్కన ఎల్‌స్టో గ్రామంలో పుట్టాడు. పాత గిన్నెలకు మాట్లు వేసే వృత్తి. అనుమతి లేకుండా బోధించాడని 1660 నుంచి 1672 వరకు జైల్లో పెట్టారు. ఆ పన్నెండేళ్ళూ లేసులు తయారుచేసి అమ్మి, గుడ్డికూతురుతో సహా ఉన్న కుటుంబాన్ని పోషించుకున్నాడు. చిల్లర లెక్కలు చేత్తో లెక్కపెట్టినవాడు. అందుకే 'యాత్రికుని ప్రయాణము'లో కూడా డబ్బు మాట వచ్చినచోట కలం పదునెక్కుతుంది.

బై-ఎండ్స్ అనే ఆసామి ఘట్టం చూడండి. పైకి భక్తి, లోపల వేరే లెక్క అని ఆ పేరుకు అర్థం. ఎండ కాస్తున్నప్పుడు, నలుగురూ మెచ్చుకుంటున్నప్పుడు మాత్రమే ఇతనికి మతం ఇష్టం. ఇతని చిన్ననాటి సహాధ్యాయులు ముగ్గురు కలుస్తారు. ఒకడు లోకాన్ని పట్టుకు వేలాడేవాడు, ఒకడు ధనప్రియుడు, ఒకడు అన్నీ కూడబెట్టేవాడు. అందరూ 'లాభప్రీతి' అనే వ్యాపారపు ఊళ్ళో ఒకే పంతులు దగ్గర చదివారు. (అది మా కామర్సు కాలేజీ వంటిదేనని నా అనుమానం.) అక్కడ ఒక ప్రశ్న పుడుతుంది. వ్యాపారి దైవభక్తి చూపితే మంచి సంబంధం కుదరవచ్చు, దుకాణానికి బేరాలు పెరగవచ్చు. అందుకోసం భక్తుడైతే తప్పా? ధనప్రియుడు తడుముకోకుండా లెక్క వేస్తాడు. భక్తి మంచిది, భార్య మంచిది, బేరం మంచిది, లాభం మంచిది. అన్ని మంచివే కూడితే మొత్తం చెడ్డ ఎలా అవుతుంది?

ఈ కూడికలో తప్పెక్కడుందో చెప్పమంటే చాలామంది తడబడతారు. ప్రార్థన కూటంలో పరిచయాలు పెంచుకుని, ఆ నమ్మకం మీదే చీటీలు కట్టించి, ఒక రాత్రి ఊరు విడిచిపోయినవాళ్ళ కథలు మన ఊళ్ళన్నిటిలోనూ ఉన్నాయి. క్రిస్టియన్ ఇచ్చే జవాబు యూదా పేరుతోనూ, పరిసయ్యుల పేరుతోనూ ఘాటుగానే ఉంటుంది. కాని అది రెండు పేజీలు. ఆ తరవాత ఈ నలుగురూ దారి పక్కనున్న వెండి గని వైపు వెళ్ళి, మళ్ళీ కనిపించరు. కథ ముందుకు సాగిపోతుంది.

రెండేళ్ళ తరవాత, 1680లో, బన్యన్ ఆ రెండు పేజీలను ఒక పూర్తి పుస్తకంగా విప్పాడు. దాని పేరు 'మిస్టర్ బ్యాడ్‌మన్ జీవిత మరణాలు'. పరలోకానికి వెళ్ళేవాడి కథ చెప్పాను గనుక ఇప్పుడు నరకానికి వెళ్ళేవాడి కథ చెబుతానని ముందుమాటలో అంటాడు. వైజ్‌మన్, అటెంటివ్ అనే ఇద్దరు మాట్లాడుకుంటూ ఉంటారు. ఒకరు చెప్పేవారు, ఇంకొకరు ఊ కొట్టేవారు. కథనానికి ఇది మంచి పద్ధతి కాదు. చాలాచోట్ల విసుగు పుడుతుంది, దాచను. కాని ఈ బ్యాడ్‌మన్ రాక్షసుడు కాడు, దుకాణదారుడు. నా ఉద్యోగంలో ఫైళ్ళలో కనిపించే మనిషి.

అతను దివాలా తీసిన పద్ధతి వినండి. ముందు హఠాత్తుగా నలుగురైదుగురి దగ్గర నాలుగైదు వేల పౌండ్ల సరుకు అరువు తెస్తాడు. దాన్ని కొన్నధర కన్నా తక్కువకు అమ్ముతాడు. దుకాణం ముందు జనం కిటకిటలాడతారు. వ్యాపారం ఇంత జోరుగా ఉంటే మన డబ్బుకేం భయమని అప్పిచ్చినవాళ్ళు ఇంకా ఇస్తారు. చేతికి అందినదంతా భద్రమైనచోట దాచి, ఒకనాడు తలుపులు మూస్తాడు. తరవాత కన్నీళ్ళు కలిపిన తియ్యటి ఉత్తరాలు వెళతాయి. మధ్యవర్తి వస్తాడు. పౌండుకు కొద్ది షిల్లింగుల చొప్పున పుచ్చుకుని బాకీదార్లు నోరు మూసుకుంటారు. బ్యాడ్‌మన్ మునుపటికన్నా ధనవంతుడై లేస్తాడు.

మన బజారులో దీన్ని ఐ.పి. పెట్టడం అంటారు. తమిళనాట మంజక్కడుదాసి, అంటే పసుపు కాగితం, ఇవ్వడం అంటారు. 2016లో దివాలా స్మృతి వచ్చాక పెద్ద కంపెనీలకు పద్ధతి మారింది, పేర్లు మారాయి. కాని టర్నోవరు చూసి మోసపోవడం మాత్రం బన్యన్ వర్ణించినట్టే ఉంది. మాకు శిక్షణలో చెప్పే పాఠాన్ని మాట్లు వేసుకునే మనిషి మూడు వందల నలభై ఏళ్ళ కిందట ఇంత స్పష్టంగా రాశాడు.

ఇంకా ముఖ్యమైనది, బన్యన్ నిజాయితీగా నష్టపోయినవాణ్ణి మోసగాడితో కలపడు. నష్టం ఎందుకొచ్చిందో ముందు నిన్ను నువ్వు వెతుక్కో అంటాడు. అజాగ్రత్త వల్లనా, ఇంటి ఖర్చు వల్లనా, బట్టల ఆర్భాటం వల్లనా? మునుగుతున్నానని తెలిసిన వెంటనే అప్పిచ్చినవాళ్ళను పిలిచి, ఉన్నదంతా వాళ్ళ ముందు పెట్టమంటాడు. తూకాల గురించి, కొనడానికో రాయి అమ్మడానికో రాయి ఉంచుకునేవాళ్ళ గురించి ధర్మశాస్త్రాన్నీ ఆమోసునూ పక్కన పెట్టుకుని మాట్లాడతాడు. పేదవాడి వెన్న, గుడ్లు టోకున కొని, వాటినే తిరిగి ఆ పేదవాడికే చిల్లరగా అన్యాయపు లాభానికి అమ్మేవాళ్ళను వదలడు. కుదువ వ్యాపారుల మీద మరీ కోపం. చేతిలో తగిన వస్తువు తాకట్టు ఉండగా కూడా నూటికి ఏడాదికి ముప్పై, నలభై, ఒక్కోసారి యాభై పిండుతున్నారట. మన లెక్కలో చెబితే నెలకు రెండున్నర నుంచి నాలుగు రూపాయల చిల్లర వడ్డీ. మూడు రూపాయల వడ్డీకి నగలు పెట్టుకుని, ఆదివారం కానుక సంచిలో ధారాళంగా వేసేవాళ్ళు ఇది చదవాలి. కొన్నప్పుడూ అమ్మినప్పుడూ మనస్సాక్షిని దుకాణం బయట వదలకూడదన్నది బన్యన్ వాదం. శిష్యత్వం అంటే ఉపవాసం, సాక్ష్యం, కూటాలు అని మాత్రమే నేర్పే మన బోధల్లో ఈ భాగానికి చోటు లేదు.

లెక్క సరిచేయడం అనే మాట వచ్చింది గనుక ఒక పోలిక. పాల్కురికి సోమనాథుని 'బసవపురాణం' మనకు చాలా దగ్గరిది. మన తెలుగులో పుట్టి, 1369లో భీమకవి చేతిలో కన్నడమైన కావ్యం. కళ్యాణంలో బసవన్న బిజ్జలుని కోశాగారానికి అధికారి. రాజధనాన్ని జంగములకు పంచేస్తున్నాడని చాడీలు చెబుతారు. ఖజానా లెక్కపెడతారు. పైసా తక్కువ ఉండదు. భక్తునికి దేవుడే పూచీ అని చెప్పడం కవి ఉద్దేశం. ఆ ఉద్దేశానికి ఈ కథ అందంగా సరిపోతుంది. కాని క్యాషు లెక్కలో తగ్గితే ఆ సాయంత్రమే తన జేబులోంచి కట్టే క్యాషియర్లను చూసిన నాకు, ఈ ఘట్టం చదివేటప్పుడు మనసు నిలవదు. లూకా సువార్తలోని సుంకాల అధికారి జక్కయ్య కథలో అద్భుతం లేదు. సగం ఆస్తి బీదలకు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు. అంకెలతో సహా చెబుతాడు. పెట్టెలో లోటు ఉంటే దేవుడు పూడ్చడు, జక్కయ్యే పూడ్చాలి. బన్యన్ వ్యాపార నీతి అంతా ఈ పక్షమే.

అయితే ఇదే పుస్తకంలో ఆయన తన పక్షాన్ని తనే కాదన్న చోట్లున్నాయి. పాపులకు వెంటనే దేవుడి దెబ్బ తగిలిన కథలు గుప్పిస్తాడు. వాటిలో ఒకటి 1660లో డెర్బీషైర్‌లోని ఆష్‌ఓవర్‌లో జరిగిందంటాడు. సీసపు ఖనిజం కడిగే డొరొతీ మేట్లీ ఒక కుర్రవాడి రెండు పెన్నీలు దొంగిలించి, తీసి ఉంటే భూమి నన్ను మింగాలని ఒట్టు పెట్టుకుంది. నేల కుంగి ఆమెను మింగింది. నేను కోలారు బంగారు గనుల ఊళ్ళో పెరిగాను. మా నాన్న భూగర్భంలో పనిచేశాడు. అక్కడ రాక్ బరస్ట్ వచ్చినప్పుడల్లా ఇంటి గిన్నెలు గలగలలాడేవి. ఎవరి ఇంటి మనిషి షిఫ్టులో ఉన్నాడోనని ఆడవాళ్ళు వీధిలోకి వచ్చి నిలబడేవారు. కింద పడిన రాయి అబద్ధమాడినవాణ్ణీ ఆడనివాణ్ణీ ఎంచి పడదని ఆ ఊళ్ళో పసిపిల్లకు కూడా తెలుసు. సిలోయములో గోపురం కూలి చచ్చిన పద్దెనిమిది మంది మిగిలినవాళ్ళకన్నా పాపులా అని క్రీస్తు అడిగింది ఇందుకే కదా. రెండు పెన్నీలు దొంగిలించిన కూలిమనిషి కాళ్ళ కింద నేల విచ్చుకుంది. వేల పౌండ్లు మింగిన బ్యాడ్‌మన్ దుకాణం కింద నేల గట్టిగానే ఉంది. ఈ వైపరీత్యం బన్యన్‌కు తట్టినట్టు లేదు.

లేదా తట్టే ఉంటుందేమో. ఎందుకంటే పుస్తకం ముగింపు అలా ఉంది. బ్యాడ్‌మన్ మంచాన పడతాడు. క్షయతో సహా నానారోగాలు. ఇక ఏ పిడుగు పడుతుందో, ఎంత భయంకరంగా అరుస్తూ చస్తాడో అని పాఠకుడు ఎదురుచూస్తాడు. ఏమీ జరగదు. పసిబిడ్డ నిద్రపోయినట్టు ప్రశాంతంగా పోతాడు. పశ్చాత్తాపం లేదు, భయమూ లేదు. వినే అటెంటివ్‌కు ఇది మింగుడుపడదు. వైజ్‌మన్ మాత్రం ప్రశాంతమైన చావు దేనికీ రుజువు కాదని ఓపికగా వివరిస్తాడు. ఇన్ని శిక్షల కథలు చెప్పిన రచయిత, తన ప్రధాన పాత్రకు ఏ శిక్షా చూపకుండా పుస్తకం మూయడానికి ధైర్యం కావాలి. మోసం చేసినవాడు బాగుపడి, మనవళ్ళ మధ్య సుఖంగా పోవడం మనం చూస్తూనే ఉన్నాం. నీతిగా ఉంటే వ్యాపారం కలిసివస్తుందని, మోసం చేస్తే ఈ లోకంలోనే దెబ్బ తగులుతుందని పిల్లలకు చెప్పి పెంచుతాం. వాళ్ళు పెద్దయి బజారులోకి వచ్చి చూస్తే లెక్క అలా ఉండదు. అప్పుడు భక్తి కూడా జారిపోతుంది. బన్యన్ ఆ అబద్ధపు పూచీ ఇవ్వడు. నా దృష్టిలో ఈ పుస్తకం విలువ అంతా ఈ చివరి పేజీల్లో ఉంది.

లోటు కూడా చెప్పాలి. చెడ్డ వర్తకుణ్ణి ఇంత ప్రాణంతో చూపినవాడు, మంచి వర్తకుణ్ణి నియమాల్లో చెప్పి ఊరుకున్నాడు. నిజాయితీగా దుకాణం నడిపి, పక్కవాడి తక్కువ ధరకు బేరాలు పోగొట్టుకుని, అయినా సాయంత్రం తాళం వేసి ఇంటికి వెళ్ళే మనిషి కథ ఆయన రాయలేదు. నేను చదివినంతలో మన తెలుగు క్రైస్తవ రచనల్లోనూ అలాంటి పాత్ర ఎదురుపడలేదు. మారుమనస్సు పొందేదాకా కథ ఉంటుంది. పొందిన తరవాతి సోమవారం ఉండదు.

ఆ సోమవారం కొంచెం కనిపించేది 'యాత్రికుని ప్రయాణము' రెండో భాగంలో. 1684లో వచ్చిన ఆ భాగంలో క్రిస్టియన్ విడిచివెళ్ళిన భార్యాపిల్లలే యాత్రికులు. వీళ్ళు పరుగెత్తరు. వ్యర్థ సంత ఉన్న ఊళ్ళోనే చాలాకాలం కాపురముంటారు, పెళ్ళిళ్ళు చేసుకుంటారు. వాళ్ళతో వచ్చిన మెర్సీ అనే అమ్మాయిని బ్రిస్క్ అనే యువకుడు చూడవస్తాడు. భక్తిగా మాట్లాడే మనిషి. ఎప్పుడు వచ్చినా ఆమె చేతిలో కుట్టుపని ఉంటుంది. పనిమంతురాలని సంబరపడి, రోజుకు ఎంత సంపాదిస్తావని అడుగుతాడు. ఆ బట్టలన్నీ బీదలకోసమని తెలిశాక రావడం మానేస్తాడు. ఒక పేజీ కథ. శిష్యత్వం గురించి మొదటి భాగమంతా చెప్పనిది అందులో ఉందని నాకనిపిస్తుంది. సంక్షిప్త ప్రతుల్లో సాధారణంగా రెండో భాగం వదిలేస్తారు. మీ గూట్లో ఉన్న ప్రతిలో అది ఉందో లేదో ఒకసారి తీసి చూడండి.