స్తంభం చీలిన తరువాత

ప్రహ్లాద చరిత్రను మన పాఠకులకు కొత్తగా పరిచయం చేయనక్కరలేదు. పోతన పద్యాలు రెండు మూడైనా నోటికి రాని తెలుగు ఇల్లు అరుదు. అయితే మనకు కంఠస్థమైనవి చాలావరకు స్తంభం చీలేదాకా నడిచే పద్యాలే. దేవుడున్నాడా అన్న వాదం అక్కడితో తీరిపోతుంది. ఆయన ఎదుట మనిషి నిలిచి బ్రతకగలడా అన్న ప్రశ్న అక్కడే మొదలవుతుంది. ఆంధ్ర మహాభాగవతం సప్తమ స్కంధంలో మాకు ఎక్కువ విలువైనదిగా తోచేది ఈ రెండో భాగమే.

ఈ ప్రశ్న మనదొక్కటే కాదు. ఇక్కడ సీబ్‌లో మన ఇరుగుపొరుగు వారికి మూసా ప్రవక్త కథ తెలుసు. ఆయన ప్రభువును చూడగోరాడు. ఆ తేజస్సు సోకి కొండ పిండి అయింది, మూసా మూర్ఛపోయాడు. దేవుని ముఖం చూసిన నరుడు బ్రతకడని బైబిలు నిర్గమకాండం చెబుతుంది. మన గీతలో అర్జునుడు దివ్యదృష్టి పొంది కూడా భయపడి, పరిచయమైన రూపమే చూపమని వేడుకొన్నాడు.

పోతన కథలో నరసింహుని ఎదుట హిరణ్యకశిపుడు నిలవలేదు సరే, దేవతలు సైతం దూరం నుంచే స్తుతించారు. లక్ష్మీదేవి కూడా దగ్గరకు పోజాలలేదు. చివరకు బ్రహ్మ పంపగా వెళ్ళినవాడు పసివాడు. అతనికి దివ్యదృష్టి ఇచ్చిన మాట లేదు. స్వామి తలపై చేయి ఉంచాడు, అంతే. తనకీ కోరలన్నా గోళ్ళన్నా భయం లేదనీ, సంసారమంటేనే భయమనీ ఆ పిల్లవాడంటాడు.

భక్తుడు గనుక బ్రతికాడంటే సరిపోదు. స్తుతించిన దేవతలూ భక్తులే. కాని వారి స్తుతుల్లో తమకు తిరిగి దక్కిన యజ్ఞభాగాల వంటి లాభాల లెక్క ఉంది. ప్రహ్లాదుడు వరమే వద్దన్నాడు. కోరికతో కొలిచేవాడు సేవకుడు కాదు, వర్తకుడన్నాడు. కాపాడుకోవలసిందీ, పుచ్చుకోవలసిందీ లేనివాడే దగ్గరకు పోగలిగాడని మేము అర్థం చేసుకొన్నాం.

ఒక్క లోటు మాత్రం మాకు తోస్తుంది. తండ్రి కళేబరం ఎదుటనే ఉన్న బిడ్డ దుఃఖానికి ఆ దీర్ఘస్తోత్రంలో చోటు తక్కువ. అయినా తరువాతి కథ దాన్ని కొంత పూరిస్తుంది. ప్రహ్లాదుడు అడిగింది తండ్రి పాపవిముక్తి. స్వామి అతన్ని తండ్రికి ఉత్తరక్రియలు చేయమన్నాడు, రాజ్యం ఏలమన్నాడు. దైవసన్నిధిలో బ్రతికి బయటపడడమంటే ఇదే కాబోలు: తిరిగి వచ్చి, చేయవలసిన పని చేయడం.

సింహాచలంలో స్వామి ఏడాది పొడుగునా చందనం మాటునే ఉంటాడు. నిజరూప దర్శనం వైశాఖ శుద్ధ తదియ ఒక్కరోజే. ఉద్యోగాలూ వీసాలూ అడిగే మనవంటి వారికి ఆ ఒక్కరోజూ ఎక్కువేనేమో! ఈ శుక్రవారం పిల్లల చేత స్తంభం పద్యాలు చెప్పించేవారు, అక్కడ ఆగక తరువాతి పద్యాలూ చదివించాలని మా కోరిక.