జనానా గోడలు, జో స్పెన్స్ కెమెరా

ఆదోని, ఎమ్మిగనూరు స్టూడియోల్లో ఆడపిల్లకు ఒక వయసు దాకా ఫోటోలకు కొదవ ఉండదు. పుట్టినరోజు, పెద్దమనిషి ఫంక్షన్, పెళ్లిచూపులకు పంపే నిలువెత్తు ఫోటో, పెళ్లి ఆల్బమ్, సీమంతం. ఆ తర్వాత కూడా ఫోటోలో ఉంటుంది గానీ ఓ అంచున, ఒళ్లో బిడ్డతోనో, ఎవరి భుజం వెనకో ఉంటుంది. రెండు కాన్పులయ్యాక, ఆపరేషనయ్యాక, సుగ్గికి వలస పోయి ఎండకు కమిలి వచ్చాక "నాకు యాలమ్మా ఫోటో, మీరు దిగండి" అంటుంది. ఆ మాటలో నాకు మొహమాటం కన్నా, తన ఒంటి మీద తనకు పోయిన నమ్మకమే ఎక్కువ వినిపిస్తుంది.

ఆ నమ్మకాన్ని కెమెరాతోనే తిరిగి తెచ్చుకోవచ్చని చెప్పే పద్ధతి ఒకటి పెద్ద నగరాల్లో ఉంది. బుడ్వార్ షూట్ అంటారు. పడకగదిలాంటి ఏకాంతంలో, తనకు నచ్చిన కొద్దిపాటి దుస్తుల్లో, స్త్రీ తన కోసం తీయించుకునే ఫోటోలు. మన ఊళ్లలో ఈ మాటెత్తితే చెవులు మూసుకునేవాళ్లే ఎక్కువ. తప్పా ఒప్పా అనే వాదన నాకు ముఖ్యం కాదు. ఇది పని చేస్తుందా, చేస్తే దేనివల్ల చేస్తుంది అన్నదే తేల్చుకోవాలి. అందుకు రెండు పాత ప్రయత్నాలను పక్కపక్కన పెట్టి చూస్తాను. ఒకటి 1892 నాటి హైదరాబాద్‌ది, రెండోది 1980ల నాటి ఇంగ్లండ్‌ది.

ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫర్ లాలా దీన్‌దయాళ్ 1892లో హైదరాబాద్‌లో జనానా స్టూడియో తెరిచాడు. జనానా అంటే ఆడవాళ్లుండే అంతఃపురం. పరదా పాటించే స్త్రీల కోసం కట్టిన స్టూడియో అది. చుట్టూ ఎత్తయిన గోడలు. లోపల కెమెరా పట్టింది మిసెస్ కెన్నీ-లెవిక్ అనే ఆంగ్ల మహిళ, ఆమెకు సాయం చేసినవాళ్లూ స్థానిక స్త్రీలే. ఫోటో తీసే చోట మగవాడి చూపు పడకూడదన్న ఒక్క అవసరాన్ని గుర్తించి, దాని కోసం గోడలు కట్టి, మనుషులను పెట్టి, వ్యాపారంగా నడపడం ఆ కాలానికి పెద్ద ఆలోచన.

జనానా అంటే ఏమిటో ఆదోనికి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆదోని కోట అప్పటి నిజాం సోదరుడు బసాలత్ జంగ్ ఏలిన చోటు. 1786లో టిప్పు సుల్తాన్ ముట్టడించినప్పుడు నిజాం హడావుడిగా సైన్యాన్ని పంపడానికి లోపలున్న తమ కుటుంబపు స్త్రీలు కూడా ఒక కారణం. స్త్రీని గోడల వెనక కాపాడటం ఇంటి పరువుగా లెక్కపెట్టిన చరిత్ర అది. జనానా స్టూడియో బలమూ లోపమూ అక్కడి నుంచే వచ్చాయి. గోడ భయాన్ని తీసేసింది. కానీ ఎలా కూర్చోవాలి, ఏం తొడుక్కోవాలి అన్నవి ఆ కాలపు స్టూడియో ఆనవాయితీ ముందే తేల్చేసింది. రంగులు వేసిన తెర, చెక్కిన కుర్చీ, ఒంటినిండా నగలు. ఫోటో చెప్పేది ఇంటి హోదా. స్టూడియో దీన్‌దయాళ్ పేరున నిలిచింది. కెమెరా పట్టినామెను ఇవాళ్టికీ భర్త ఇంటిపేరుతోనే రాస్తున్నారు.

ఇంగ్లండ్ ఫోటోగ్రాఫర్ జో స్పెన్స్ దగ్గర కథ తలకిందులవుతుంది. 1934లో లండన్‌లో పుట్టిన ఆమె మొదట మన వీధుల్లో ఉండేలాంటి స్టూడియోనే నడిపింది. పెళ్లిళ్లు, కుటుంబాలు, పోర్ట్రెయిట్లు తీసింది. మనిషిని అందంగా చూపించే కిటుకులన్నీ తెలిసిన చేయి. 1982లో రొమ్ము క్యాన్సర్ అని తేలింది. ఆసుపత్రిలో ఒక కుర్ర డాక్టరు వచ్చి, ఏ చోట కోయాలో రొమ్ము మీద గుర్తు పెట్టాడు. తన శరీరం ఎవరిదన్న ప్రశ్న ఆమెను వెంటాడింది. ఆసుపత్రికి వెళ్లకముందే, ఇది జో స్పెన్స్ సొత్తేనా అని రొమ్ము మీదే రాసుకుని ఫోటో దిగింది. రొమ్ము మొత్తం తీసేయడానికి ఒప్పుకోక, గడ్డ వరకే తీయించుకుంది. తర్వాత రోజీ మార్టిన్‌తో కలిసి ఫోటో థెరపీ అనే పని మొదలుపెట్టింది. ఇద్దరూ వంతులవారీగా కూర్చుంటారు. కెమెరా ముందున్నామె తన భయాన్నో కోపాన్నో వేషంగా కట్టి చూపిస్తుంది, ఏం తీయాలో ఆమే చెబుతుంది, రెండోవాళ్లు తోడుగా నిలబడి తీస్తారు.

ఆ ఫోటోలు కంటికి ఇంపుగా ఉండవు. కోత గుర్తు, సడలిన ఒళ్లు, వయసు, దేన్నీ దాచలేదు. నా లెక్కలో వాటి విలువే అది. దాచిపెట్టిన ఒంటి మీద నమ్మకం కుదరదు. జనానా స్టూడియోలో స్త్రీని కాపాడారు, కానీ అడగలేదు. స్పెన్స్ పద్ధతిలో అడగడంతోనే పని మొదలైంది.

అయినా స్పెన్స్ దారిని ఉన్నదున్నట్టు ఎమ్మిగనూరుకు తెచ్చుకోలేం. ఆమె తన ఫోటోలను నలుగురి ముందు ప్రదర్శనకు పెట్టింది, అదొక పోరాటం. ఇక్కడ ఒక్క ఫోటో వాట్సాప్ గ్రూపులో పడితే ఆ ఇంటి ఆడమనిషి బజారుకు రాలేదు. అందుకే స్పెన్స్‌ను పెద్ద కళాకారిణిగా ఎంచుతూనే, మన దగ్గర మొదట కావలసింది జనానా గోడే అంటాను. అయితే ఆ గోడ లోపల మాట చెల్లవలసింది ఫోటో దిగే ఆమెది.

ఇవాళ్టి బుడ్వార్ షూట్లు ఎక్కువగా ఆ మాటనే మరిచిపోతున్నాయి. మేకప్, వెలుగు, చివరికి ఎడిటింగ్‌లో కాన్పు చారలు చెరిపేయడం. మన స్టూడియోల్లోనైతే అడగకముందే రంగు తెల్లగా చేసేస్తారు. అలా దిద్దిన ఫోటో చూసుకున్నామె ఆ రాత్రికి మురిసిపోవచ్చు, తెల్లారి అద్దంలో కనిపించే ఒళ్లు మాత్రం మునుపటిదే. 1938లో మాచాని సోమప్ప సహకార సంఘం పెట్టి నిలబెట్టిన నేతపని ఎమ్మిగనూరుది. మగ్గం ఉన్న ఇంట్లో ఏళ్లతరబడి కండెలు చుట్టిన చేతులు, పత్తి తీసి గరుకెక్కిన వేళ్లు ఫోటోలో ఉన్నవి ఉన్నట్టే పడాలి. భర్తకు కానుకగా ఇచ్చే ఆల్బమ్ కోసమే దిగితే, అదీ మళ్లీ ఇంకొకరి మెప్పు కోసం కూర్చోవడమే అవుతుంది.

చట్టం ఈ విషయంలో స్త్రీ వైపే ఉంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ ప్రకారం, ఏకాంతపు ఫోటో తీయడానికి స్త్రీ ఒప్పుకున్నా, దాన్ని ఇతరులకు పంపడానికి ఒప్పుకోకపోతే, పంపినవాడిది నేరమే. మొదటిసారికే ఏడాది నుంచి మూడేళ్ల దాకా జైలు. కెమెరా నేర్చుకుంటున్న అమ్మాయిలు ఈ రెండు ఊళ్లలోనూ ఉంటారు. వాళ్లకు నేను చెప్పేది ఒకటే. తలుపు లోపల గడియ పెట్టగలిగిన ఒక గది చూసుకోండి. వచ్చినామెను ఎలా దిగాలనుందో అడిగి తీయండి, పని కాగానే మెమరీ కార్డు ఆమె చేతికే ఇవ్వండి. మొదట మీ అమ్మను, మీ పెద్దమ్మను పిలవండి.