పిందె నిలిచే పొద్దు

సంక్రాంతికి వారం ముందు సికింద్రాబాద్ మోండా మార్కెట్‌కు వెళ్తే గుమ్మడి ఎంత పెద్ద కాయో కళ్లారా చూడొచ్చు. అమ్మే ఆమె దాన్ని ఎత్తదు, దొర్లిస్తుంది. నెలవంకల్లా ముక్కలు కోసి, పసుపు కండ పైకి కనిపించేలా పేర్చి, కిలోల లెక్కన తూచి ఇస్తుంది. మొత్తం కాయ కొనే ఇళ్లు తగ్గిపోయాయి. అయినా అల్వాల్, తిరుమలగిరి, మారేడ్‌పల్లి వైపు పాత ఇళ్ల పెరళ్లలో గుమ్మడి కోసం ఒక పాదు వదిలిపెట్టేవాళ్లు ఇంకా ఉన్నారు. గుమ్మానికి కట్టే, దిష్టి తీసి పగలగొట్టే బూడిద గుమ్మడి కాదు నేను చెప్పేది. దప్పళంలో పడే తియ్య గుమ్మడి. దాన్ని మన ఎండల్లో, మన వానల్లో పెద్దగా కాయించడం గొప్ప విద్య.

సికింద్రాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన, దక్కను రాళ్ల మీద ఉన్న ఊరు. గడ్డపార దింపితే ఎర్రమట్టి, మొరం, ఆ కింద బండ. మే నెలలో ఎండ 42 డిగ్రీలు దాటుతుంది. తీగ ఆ ఎండను ఎలాగో తట్టుకుంటుంది, పువ్వు తట్టుకోలేదు. వేడికి పుప్పొడి చచ్చుబడుతుంది. పైగా పగళ్లు పొడుగ్గా, రాత్రులు ఉక్కగా ఉన్నన్నాళ్లు తీగకు మగ పువ్వులే ఎక్కువ. పొరపాటున ఒక ఆడ పువ్వు వచ్చినా పిందె పసుపు తిరిగి రాలిపోతుంది. గొడ్డు తీగ అని చాలామంది పీకేసేది అప్పుడే. ఆ తీగలో లోపమేమీ లేదు, విత్తిన కార్తె సరైంది కాదు.

మా నాయనమ్మ అల్వాల్ పెరట్లో మృగశిరకు పాదు తవ్వేది. ఊరు ఊరంతా చేప ప్రసాదానికి నాంపల్లి దారి పడితే ఆమె పలుగు పట్టుకునేది. మోకాటి లోతు గుంతలో ఎండుటాకులు, మాగిన పశువుల ఎరువు, వేపపిండి, ఎర్రమట్టి కలిపి నింపేది. మట్టిని నేలకు సమంగా వదిలేది కాదు, జానెడు ఎత్తు దిబ్బ చేసేది. అది ఎందుకో నాకు 2020 అక్టోబరు 13 రాత్రి కుండపోత వాన పడ్డాక తెలిసింది. నేను చదునుగా చేసిన పాదులో ఆ వాన నీళ్లు రెండు రోజులు నిలిచాయి. మూడో రోజుకు తీగ మొదలు కుళ్లింది. గుమ్మడికి నీళ్లు కావాలి, కానీ వేరు నీళ్లలో నానకూడదు.

ఆరుద్రలో గింజ పడితే శ్రావణానికి తీగ పాకుతుంది. మబ్బులు పట్టి, పగళ్లు కురచై, రాత్రులు చల్లబడే భాద్రపదానికి ఆడ పువ్వులు వస్తాయి. కార్తెల లెక్కలోని తెలివి ఇదే. మధ్యలో వాన మొహం చాటేస్తే మిట్టమధ్యాహ్నం ఆకులన్నీ వేలాడిపోతాయి. కంగారుపడి చెంబు పట్టుకుంటే నాయనమ్మ ఆపేది: "నీళ్లు పొయ్యకు బిడ్డా, పొద్దుగూకినంక చూడు." సాయంత్రానికి ఆకు లేచి నిలబడితే వేరు బాగున్నట్టే. పొద్దుగూకినా వేలాడుతుంటేనే తడి పెట్టాలి.

అసలు పని తెల్లవారుజామున. పువ్వు పొద్దు పొడిచే వేళకు విచ్చుకుంటుంది, ఎండెక్కేసరికి ముడుచుకుంటుంది. ముసురు పట్టిన రోజు తేనెటీగలు రావు, తడిసిన పుప్పొడి పనికిరాదు. అందుకని ముందురోజు సాయంత్రమే మర్నాడు విచ్చుకునే మొగ్గల్ని గుర్తుపట్టి కొసలకు దారం కట్టాలి. పొద్దున్నే మగ పువ్వు కోసి, రేకులు ఒలిచి, మధ్య కాడను ఆడ పువ్వు నడుమ మెల్లగా అద్ది, మళ్లీ దారం కట్టేయాలి. నాయనమ్మ దీన్ని పెళ్లి చెయ్యడం అనేది. నాలుగైదు రోజులకు పిందె కిందికి వంగి నిగనిగలాడితే నిలిచినట్టు.

ఆ తర్వాతే మనసు గట్టి చేసుకోవాలి. తీగకు ఒక్క పిందె, మహా అయితే రెండు. మిగతావి కోసి కూర వండుకోవాలి. ప్రపంచంలో పెద్ద కాయలు పండించేవాళ్లందరి సూత్రం ఇదే. కెనడాలోని నోవా స్కోషియా రైతు హోవార్డ్ డిల్ అభివృద్ధి చేసిన అట్లాంటిక్ జెయింట్ వంగడం అలాంటి పెంపకందార్లకు మూలం. 2025లో బ్రిటన్‌కు చెందిన కవల సోదరులు 1,278 కిలోల కాయ పండించి రికార్డు సాధించారు. ఆ వంగడం చల్లని దేశాలది, మన ఎండకు ఆగదు. కానీ వాళ్లు చేసే పనులు మనకూ పనికొస్తాయి: కణుపు కణుపుకూ మట్టి కప్పి కొత్త వేళ్లు పుట్టించడం, కాయ కింద ఇసుక పరచడం, పైన నీడ కట్టడం. మా పెరట్లో ఒక ఏడు 18 కిలోలు తూగిన కాయ ఈ పద్ధతిలో వచ్చిందే. ఇద్దరం పట్టి మోశాం.

పురుగులున్నాయి. లేత ఆకుల్ని జల్లెడ చేసే ఎర్ర పెంకు పురుగుకు పొద్దున మంచు తడి మీద పొయ్యి బూడిద చల్లడం పాత పద్ధతి. పండు ఈగ పిందెలో గుడ్లు పెట్టకుండా పలచటి గుడ్డసంచి తొడగాలి. బూడిద తెగులు వచ్చిందని గంధకం మాత్రం చల్లొద్దు, గుమ్మడి జాతి ఆకులు మాడిపోతాయి.

ఇంతలో బతుకమ్మ వస్తుంది. తాంబాళంలో పరవడానికి గుమ్మడాకులు, పేర్చడానికి పువ్వులు కావాలని ఇరుగుపొరుగు ఆడపిల్లలు గేటు తడతారు. మగ పువ్వులు ఎన్నయినా కోసుకోనిస్తాను. ఆ తీగ పండక్కి పనికొచ్చిన రోజు నాకు కాయ కోసిన రోజుకంటే ఎక్కువ సంతోషం.

పెరడు లేనివాళ్లకు మిద్దె ఉంది. రచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి నారపల్లిలోని తన ఇంటి కప్పు మీద పండించి, రాసి, మిద్దె తోట అనే మాటను ఇంటింటికీ చేర్చారు. మిద్దె మీద పెద్ద కాయ కష్టం. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన అర్క సూర్యముఖి లాంటి కిలో కాయ రకాలు అక్కడికి నప్పుతాయి.

స్వాతి కార్తెకు తొడిమ ఎండి బెరడు కడుతుంది. గోరు గుచ్చితే తోలు దిగదు. తొడిమ జానెడు ఉంచి కోసి, గాలి తగిలే మూల గడ్డి మీద పెడితే ఫ్రిజ్ అవసరం లేకుండా సంక్రాంతి దాకా చెక్కుచెదరదు. పండగనాడు మా ఇంట్లో మొదటి వేటు మగవాళ్లే వేయాలి, నిండు గుమ్మడిని ఆడవాళ్లు కోయకూడదని ఆచారం. ఆ తర్వాత కత్తిపీట అమ్మది. సగం దప్పళానికి, సగం పక్కింటికి. పీచులోంచి గింజలు తీసి, కడిగి, బూడిదలో దొర్లించి నీడన ఆరబెడతాం. దారం కట్టి పెళ్లి చేసిన కాయ గింజల్ని విడిగా ఒక గుడ్డలో మూటగట్టి, దాని మీద ఏడాది రాసి, దేవుడి గూట్లో పెడతాం, మృగశిర దాకా.