రెండు అండర్‌స్కోర్లు

దిల్‌సుఖ్‌నగర్‌లో ఏ కోచింగ్ సెంటర్ మెట్లెక్కినా మొదటి వారం చెప్పేది ఒకటే: వేరియబుల్ అంటే డబ్బా, అందులో విలువ దాచుకోవచ్చు. ఇంటర్వ్యూకి ఆ మాట చాలు. కాల్ సెంటర్ రౌటింగ్ స్క్రిప్టు రాసేవాడికి చాలదు. ఆ డబ్బా ఎంతసేపు ఉంటుంది, తర్వాత ఎవరి చేతికి వెళ్తుంది అన్నదే మాకు అసలు పని.

మీ అందరికీ తెలిసిన బాధే ఇది. తెలుగు కోసం రెండు నొక్కుతారు, ఖాతా నంబరు అంకె అంకె కొడతారు, క్యూలో పాట వింటారు. చివరికి దొరికిన అమ్మాయి, "సార్, మీ ఖాతా నంబర్ చెప్తారా?" అంటుంది. "ఇప్పుడే కొట్టాను కదమ్మా!" ఆమె మీద విసుక్కుని లాభం లేదు. మీరు కొట్టింది ఆమె స్క్రీన్ దాకా రానే లేదు.

ఎందుకు రాలేదు? మార్క్ స్పెన్సర్ 1999లో మొదలుపెట్టిన ఫోన్ కాల్స్ నడిపే సాఫ్ట్‌వేర్ ఆస్టరిస్క్‌నే తీసుకోండి. కాల్ చేసినవారిది ఒక ఛానల్. ఏజెంట్ ఫోన్ మోగించడానికి పుట్టేది ఇంకో ఛానల్. మొదటిదాంట్లో దాచిన విలువ రెండోదాంట్లోకి తనంతట తాను పోదు. వేరియబుల్ పేరు ముందు ఒక అండర్‌స్కోర్ పెడితే పోతుంది, అక్కడితో ఆగుతుంది. రెండు పెడితే ఆ తర్వాత పుట్టే ఛానళ్ళన్నిటికీ అందుతుంది. రెండు గీతలు గీయడానికి బద్ధకించినందుకు ఎంతమంది ఎన్నిసార్లు ఖాతా నంబర్లు అప్పజెప్పారో!

కొత్త పిల్లలు దీనికి విరుగుడుగా గ్లోబల్ వేరియబుల్ వాడేస్తారు. ఒక్క కాల్‌తో టెస్ట్ చేస్తే అద్భుతంగా పనిచేస్తుంది. గ్లోబల్ అంటే కాల్స్ అన్నిటికీ కలిపి ఒకటే. ఎల్.బి.నగర్ పెద్దాయన తెలుగు ఎంచుకున్న మరుక్షణం ఇంకెవరో హిందీ నొక్కితే, పెద్దాయన చెవిలో హిందీ మొదలవుతుంది.

మనం అడక్కుండానే వచ్చే విలువ ఒకటుంది, ఫోన్ నంబరు. దాని సిరీస్ చూసి టెలికాం సర్కిల్‌నూ, సర్కిల్‌ని బట్టి భాషనూ ఊహిస్తారు. రాష్ట్రం 2014లో రెండైనా మొబైల్ లైసెన్సుల లెక్కలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ నేటికీ ఒకే సర్కిల్, ఎల్.బి.నగర్ అయినా గుంటూరు అయినా స్క్రిప్టుకి ఒకటే. భాష వరకు దానివల్ల నష్టం లేదు. చిక్కంతా బెంగళూరులో సిమ్ తీసుకుని కొత్తపేటకు తిరిగొచ్చినవాడితో. 2015 జూలై నుంచి దేశంలో ఎక్కడికి మారినా పాత నంబరే ఉంచుకోవచ్చు. వాడు ఇంట్లో కూర్చుని ఫోన్ చేస్తే కన్నడం పలుకుతుంది. అందుకే, నొక్కిన బటన్ ఉందా అని ముందు చూడాలి, లేనప్పుడే ఊహకు పోవాలి. ఈ వరస తిరగబడిన స్క్రిప్టులు బోలెడు.

ఇక ఏమీ నొక్కనివాళ్ళు. మూడుసార్లు అదే పాట పాడి కాల్ కట్ చేయడం చాలాచోట్ల రివాజు. అంకెలు కొట్టాలంటే ఫోన్ చెవి నుంచి తీయాలి, తీస్తే మాట వినపడదు. పెద్దవాళ్ళు అక్కడే ఆగిపోతారు. నా స్క్రిప్టుల్లో ఖాళీ విలువ నేరుగా తెలుగు ఏజెంట్ల క్యూలోకి వెళ్తుంది. క్యూ పెరిగిపోతోందని మేనేజర్లు గొణుగుతారు. గొణగనీ.