ఎసరు పెట్టే ముందు

నరసన్నపేట బజారులో ఒక బంగారం కొట్టు. పెళ్లిళ్ల సీజను. కొత్త కంప్యూటరు కొన్నారు, నేను రాసిన బిల్లింగ్ ప్రోగ్రామ్ అందులోకి ఎక్కించాలి. కొట్టు పెద్దాయన సెటప్ నొక్కి వెంటనే ఫోన్ చేశారు.

"బాబూ, డాట్‌నెట్టో ఏటో నేదంటంది. కొత్త మిషనే కదా, ఎందుకు నేదు?"

ఉంది. విండోస్‌తో పాటే వచ్చింది. తప్పు నాది.

డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ 4.8 ఉందో లేదో తెలియాలంటే రిజిస్ట్రీలో 'రిలీజ్' అనే అంకె చూడాలి. నా మిషన్లో అది 528040. సరిగ్గా అదే ఉందా అని సెటప్‌లో రాసేశాను. అదే 4.8కి విండోస్ 7లో 528049, 2020 మే నుంచి వచ్చిన విండోస్ 10లో 528372, తొలి విండోస్ 11లో 528449 ఉంటుంది. 528040 గానీ అంతకు పైన గానీ ఉందా అని అడగాల్సింది. ఒక్క గుర్తు తేడాతో, బేరాల వేళ ఒక పెద్దమనిషి తన కొత్త మిషన్ పాడైందనుకున్నారు.

అసలు అడగకపోవడం ఇంకా అన్యాయం. తూకం మిషన్ నుంచి గ్రాములు చదివే భాగానికి విజువల్ సీ ప్లస్ ప్లస్ రన్‌టైమ్ కావాలి. ప్రోగ్రామ్ 32 బిట్‌ది కాబట్టి, విండోస్ 64 బిట్‌దైనా రన్‌టైమ్ 32 బిట్‌దే ఉండాలి. చూడకుండా ఎక్కిస్తే, కాటాలో గొలుసు పెట్టాక ఏదో డీఎల్‌ఎల్ లేదని ఇంగ్లీషులో పెట్టె వస్తుంది. ఎసరు మరిగాక బియ్యం వెతుక్కోవడమే అది. సెటప్ తయారుచేసే ఇన్నో సెటప్‌లో, మొట్టమొదట నడిచే ఇనిషియలైజ్‌సెటప్ దగ్గరే తనిఖీ పెడితే, ఒక్క ఫైలూ కాపీ కాకముందే తేలిపోతుంది.

లేదని తేలితే డౌన్‌లోడ్ చేసుకోమనడం నాకు మనసొప్పదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను చూశాక, నెట్ ఉంటుందని నమ్మి సెటప్ తయారుచెయ్యడం మానేశాను. డాట్‌నెట్ పూర్తి ఇన్‌స్టాలర్ నూరు ఎంబీ దాటుతుంది, అయినా పెన్‌డ్రైవ్‌కి అదో బరువా! అది ముగిసి 3010 అనే కోడ్ ఇస్తే ఫెయిలైనట్టు కాదు, మిషన్ రీస్టార్ట్ చెయ్యాలని.

ఆ మాట ఇప్పుడు తెలుగులోనే, ముందుగానే చెప్పిస్తున్నాను: "ఇంకో ప్రోగ్రామ్ ఎక్కించాలి. కొంత సమయం పడుతుంది, మిషన్ ఒకసారి ఆపి వెయ్యాల్సి రావచ్చు. ఇప్పుడు మొదలుపెట్టమంటారా?"

మొన్న ఇంకో కొట్టులో ఒకాయన అది మెల్లగా చదువుకుని, వద్దు నొక్కారు. "కొట్టు కట్టీసినాక చూద్దాం లే, బాబూ" అన్నారు.