తల ఎత్తు, చూద్దాం

"పైపు ఎప్పుడు తీస్తరు సారూ?"

ఐసీయూ తలుపు తెరుచుకున్న ప్రతిసారీ నాకు ఎదురయ్యే ప్రశ్న ఇది. బతుకుతాడా అని మొదటిరోజు అడుగుతారు. రెండోరోజు నుంచి ఇక పైపు గురించే. పుస్తెలు కుదువపెట్టి బిల్లు కడుతున్న మనిషికి 'ఇప్పుడే చెప్పలేం' అన్నది జవాబు కాదని నాకు తెలుసు.

వెంటిలేటర్ నుంచి మనిషిని తప్పించడాన్ని మేం వీనింగ్ అంటాం. చంటిబిడ్డకు పాలు మాన్పించడానికి ఇంగ్లీషులో ఉన్న మాటే అది. వేపాకు నూరి రాసినా ఏ బిడ్డ ఏ రోజుకు మానుతుందో మన అమ్మమ్మలు ముందే చెప్పలేదు. మా దగ్గర మాత్రం ఒక లెక్క ఉంది. 1991లో కార్ల్ యాంగ్, మార్టిన్ టోబిన్ అనే వైద్యులు ఇచ్చారు. మిషన్ సాయం ఆపి ఒక్క నిమిషం చూడాలి. ఎన్నిసార్లు ఊపిరి తీశాడో, ఒక్కో ఊపిరికి ఎన్ని లీటర్ల గాలి కదిలిందో కొలిచి, మొదటిదాన్ని రెండోదానితో భాగించాలి. 20 సార్లు, 400 మిల్లీలీటర్ల చొప్పున అయితే 50. బలం చాలనివాడు కుక్కపిల్లలా ఎగపోస్తాడు. 35 సార్లు, 250 మిల్లీలీటర్లయితే 140. గీత 105 దగ్గర, అంతకు తక్కువైతే తీయొచ్చు. కాగితం, పెన్ను చాలు. ఇంత సులువైన లెక్క ఐసీయూలో ఇంకోటి లేదు. అందుకే దాన్ని అతిగా నమ్మాను.

పురుగుమందు తాగిన ఒక కుర్రాడు, పత్తి రైతు కొడుకు. మూడోరోజు పొద్దున కఫం తగ్గింది, కళ్లు తెరిచి చూస్తున్నాడు, లెక్క 62 వచ్చింది. గొట్టం తీసేశాను. సాయంత్రానికి ఊపిరి పైపైన ఆడుతోంది, మింగలేకపోతున్నాడు. రాత్రి మళ్లీ గొట్టం వేశాం. సిస్టర్ అప్పుడు చెప్పింది: "పొద్దున తలగడ మారుస్తుంటే తల వేలాడిపోయింది సార్."

ఈ మందుతో వచ్చే చిక్కు ఇదే. మొదటి గండం గడిచాక, ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య, మెడ కండరాలు, ఊపిరి కండరాలు సడలిపోతాయి. శ్రీలంక వైద్యులు సేనానాయకే, కరల్లియెద్దె 1987లోనే వివరంగా రాశారు. ఊపిరి తగ్గకముందే మెడ చెబుతుంది. తలగడ మీంచి తల ఎత్తి ఐదు సెకన్లు నిలపమని అడిగితే చాలు. నేను అడగలేదు.

"మళ్లెందుకు పెట్టిండ్రు సారూ?" అంది వాళ్లమ్మ. నా తొందర వల్లేనమ్మా అని చెప్పాను. ఆమె ఏమీ అనలేదు.

ఆ తర్వాత భయం పట్టుకుంది. పక్క మంచం పెద్దాయన లెక్కలు రెండు రోజులుగా బాగున్నా 'రేపు చూద్దాం' అంటూ వచ్చాను. తీసిన గొట్టం మళ్లీ వేస్తే రికార్డుకెక్కుతుంది, నలుగురూ అడుగుతారు. తీయగలిగిన గొట్టాన్ని ఇంకో మూడు రోజులు ఉంచితే ఎవరూ అడగరు. కానీ ఆ రోజులకూ ఖరీదుంది. న్యుమోనియా, మత్తుమందులు, బిల్లు. పైగా పని లేని కండరం కరిగిపోతుంది. మెదడు పనిచేయడం ఆగిపోయి అవయవదానం చేసినవాళ్ల డయాఫ్రంను, అంటే ముఖ్యమైన ఊపిరి కండరాన్ని, 2008లో పరీక్షించి చూస్తే, 18 నుంచి 69 గంటలు మిషన్ మీద ఊరకున్నందుకే దాని పోగులు సగానికి పైగా సన్నబడ్డాయని తేలింది. జాగ్రత్త అనుకుంటూ మనం ఆపుతున్నది ఆ కండరాన్నే.

ఒక రాత్రి పెద్దాయన చేతికట్టు వదులైంది. గొట్టం తానే లాగేసుకున్నాడు. మళ్లీ వేయడానికి సరంజామాతో పరుగెత్తాను. ఆయన కూర్చుని గట్టిగా దగ్గుతూ, హాయిగా ఊపిరి తీసుకుంటున్నాడు. ఇలా లాగేసుకున్నవాళ్లలో దాదాపు సగం మందికి మళ్లీ గొట్టం అక్కర్లేదు. అంటే వాళ్లంతా మా 'రేపు' కోసం పడి ఉన్నవాళ్లే.

అమెరికాలో వెస్లీ ఈలీ బృందం 1996లో 300 మంది మీద చేసిన అధ్యయనం గురించి చదివాను, పరీక్షల్లో రాశాను కూడా. రోజూ పొద్దున ప్రతి రోగినీ చూసి, తగినవాళ్ల చేత రెండు గంటల దాకా సొంతంగా ఊపిరి తీయించి, నెగ్గితే ఆ సంగతి డాక్టరుకు చెప్పారు. అంతే. మిషన్ మీద గడిపే కాలం ఆరు రోజుల నుంచి నాలుగున్నరకు తగ్గింది. వాళ్లు ఎవరికీ ముహూర్తం పెట్టలేదు, రోజూ అడిగారు. పెద్దాయన దగ్గు విన్నాకే అది నాకు అర్థమైంది. ఇప్పుడు కంప్యూటర్ జోస్యాలూ వస్తున్నాయి, రానివ్వండి. ఇన్ని పరీక్షలు నెగ్గినవాళ్లలోనూ నూటికి 10 నుంచి 20 మందికి మళ్లీ గొట్టం వేయాల్సి వస్తూనే ఉంది.

పెద్దాయన గొట్టం లాగేసుకున్న మర్నాటి నుంచి కుర్రాణ్ణి రోజూ అడిగాను. తల ఎత్తు నాయనా. కదల్లేదు. ఇంకో రోజు గడ్డం కదిలింది. పధ్నాలుగో రోజు పొద్దున వాళ్లమ్మ పక్కనే ఉంది. వాడు మెడ బిగించగానే ఆమె చెయ్యి దానంతటదే వాడి తల కిందికి పోయింది.

"చెయ్యి తీయమ్మా," అన్నాను.

తీసింది. తల అక్కడే నిలిచింది. నేను ఒకటి, రెండు అని లెక్కపెట్టడం మొదలుపెట్టాను. మూడు నుంచి ఆమె కూడా కలిసింది.