పల్లవి: చిగురా, మూడక్షరాల పొత్తా?

అప్పలాయగుంట వెంకన్న కొలువున్న వడమాలపేట చుట్టుపక్కల చెక్కభజన చేసేవారికి పల్లవి అంటే ఏమిటో ఒకరు చెప్పనక్కర్లేదు. ముందుగా ఎత్తుకునేది, చరణం ముగిసిన ప్రతిసారీ తిరిగి అందుకునేది పల్లవి. సంగీత పాఠాల్లో మాత్రం ఈ మాటకు వేరే పుట్టుక చెబుతారు. 'ప' అంటే పదం, 'ల' అంటే లయ, 'వి' అంటే విన్యాసం, మూడూ కలిస్తే పల్లవి అని. గుర్తుంచుకోవడానికి బాగానే ఉంది గానీ మాట పుట్టింది ఇలా కాదని నా వాదన. ఆ మూడక్షరాలూ కలిపితే 'పలవి' అవుతుంది; లకారానికి ఒత్తు ఎక్కణ్ణుంచి వచ్చింది? సంస్కృతంలో చిగురుకు పల్లవం అని పేరు. ఆ మాటలో ఒత్తు మొదటినుంచీ ఉంది. పల్లవించడం అనే క్రియ తెలుగులోనూ ఉంది.

అర్థం దగ్గర కూడా ఆ మూడక్షరాల లెక్క తేలదు. పదాన్ని లయలో రకరకాలుగా విన్యాసం చేయడం రాగం తానం పల్లవి పాడే కచేరీ విద్వాంసుల పని. అన్నమయ్య (1408–1503) పదాల్లో, క్షేత్రయ్య పదాల్లో, సినిమా పాటల్లో పల్లవి అని మనం పిలిచే భాగానికి ఆ విన్యాసం అవసరమే లేదు. ఇన్ని రకాల పాటలకు చెల్లే పేరు ఒక్క కచేరీ అంశం లక్షణం నుంచి పుట్టి అన్నిటికీ పాకిందనడం కంటే, తిరిగి తిరిగి తలెత్తే చిగురు నుంచి వచ్చిందనడమే సబబు.

సరిగమలు కూడా పొట్టి అక్షరాలే కదా అని అడగవచ్చు. నిజమే. కానీ అక్కడ షడ్జానికి 'స', పంచమానికి 'ప' అని ఒక్కో స్వరానికి ఒక్కో అక్షరం. పాడేందుకు వీలుగా చేసుకున్న కుదింపు అది. పల్లవి విడమరుపు అలాంటిది కాదు. నాట్యశాస్త్ర కర్త భరతుడి పేరులో భావం, రాగం, తాళం చూపించడానికి అది చుట్టం. పేరు ముందు, వివరణ తరవాత. చిగురు కొమ్మ చివర వస్తుంది, పల్లవి పాట మొదట వస్తుంది కదా అన్నది ఇంకాస్త గట్టి ప్రశ్న. అయితే చిగురు పెరుగుదలకు మొదలు కూడా. అయినా ఈ పోలిక ఊహే అని ఒప్పుకుంటాను. ఒత్తు సాక్ష్యం మాత్రం ఊహ కాదు. కచేరీ పల్లవికి నిర్వచనంగా 'పదలయవిన్యాసం' ఉండనివ్వండి, పనికొస్తుంది. దాన్నే వ్యుత్పత్తిగా నేర్పితే మాత్రం భజన గుంపు పాడేది అసలు పల్లవి కాదన్నట్టు అవుతుంది.